ఒంటి పిల్ల ఎవరి పాలు?

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. కోళ్ళు పెంచే మనిషికి అది జబ్బు కాదు, అవసరం. కన్నంలోంచి ముంగిస వస్తుంది, పైనుంచి గద్ద వస్తుంది, గోడవతల నుంచి మనుషులు వస్తారు. ఇందరి మధ్య మా అమ్మ ఇచ్చిన నల్లకాళ్ళ కోళ్ళని ఇన్నేళ్ళు నిలబెట్టుకున్నానంటే, అది ఎవర్నీ నమ్మకపోవడం వల్లే.

ఆ జాతి భావనపాడు దగ్గర మా పుట్టింటిది. ఎర్రటి ఒళ్ళు, బొగ్గు రంగు కాళ్ళు. పిల్లలున్న పెట్టయితే కుక్కని కూడా వీధి చివరిదాకా తరిమేది. గుడ్డు పగిలి పిల్ల బయటపడగానే అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేది. కాలు వంకరగా ఉందా, అక్కడికక్కడే మెడ విరిచేసేది. "వంకరది ఉంచితే జాతి పోద్ది" అనేది. నేనూ అదే చేస్తాను. అందులో సిగ్గుపడాల్సింది నాకేమీ కనపడదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే కొక్కెర తెగులు వచ్చి దొడ్డి మొత్తం ఊడ్చుకుపోయింది. టీకా వేయించాను. ఆ మందు ఐసులో పెట్టి తెచ్చారో, ఎండలో సంచిలో వేసుకొచ్చారో నాకిప్పటికీ అనుమానమే. మిగిలింది ఒక ముసలి పుంజు, చచ్చిపోయిన పెట్ట ఆఖరున పెట్టిన కాసిని గుడ్లు. ఆ గుడ్లు పిల్లలు కాకపోతే మా అమ్మ జాతి అయిపోయినట్టే. వాటిని బియ్యం డబ్బాలో పెట్టి, మాటిమాటికీ మూత తీసి చూసుకునేదాన్ని. చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది.

కొత్తవలసలో మిషన్లో పొదిగించేవాళ్ళున్నారు, పట్టుకెళ్దామన్నాడు మా ఆయన. ఆ గుడ్ల గుట్టలో నావేవో వాళ్ళకెలా తెలుస్తుంది? ఫారం కోడిపిల్లల్ని చేతిలో పెట్టి పంపినా మనకి కాళ్ళు ముదిరేదాకా తెలీదు. వద్దన్నాను. ఇక పొదుగు మీదున్న కోడి దగ్గర్లో ఒక్కచోటే ఉంది, మా యారాలి ఇంట్లో. అంటే మా మరిది భార్య. ఇద్దరి దొడ్లకీ మధ్య ఒకటే గోడ. మాటలుంటాయి, కూరలు ఇచ్చిపుచ్చుకుంటాం, కానీ కోళ్ళ విషయంలో ఆమెని నేను గుమ్మం దాటనివ్వలేదు. ఆమె తమ్ముడు సాలూరులో లారీ తోలతాడు. మంచి పుంజు కంటపడితే కొండ ఘాటీ ఎక్కించి ఒడిశాలో అమ్మేస్తాడని నాకు గట్టి నమ్మకం.

వేరే దారిలేక గుడ్లు ఆమెకి పాలుకిచ్చాను. మా వైపు అదొక పద్ధతి. గుడ్లు ఒకరివి, కోడి ఇంకొకరిది, పుట్టిన పిల్లలు చెరి సగం. బేసి వస్తే ఆ మిగిలిన పిల్ల కోడి గలవాళ్ళది. ఇచ్చేముందు ప్రతి గుడ్డుకీ బొగ్గుతో చుక్క పెట్టాను, మార్చేయకుండా.

"ఏటక్కా, గుడ్లకి బొట్టెట్టినావు?" అంది.

"దిష్టికే" అన్నాను.

ఆమె నవ్వి, పిడుగుల చప్పుడుకి గుడ్లు మురిగిపోకుండా గంపలో ఒక ఇనుప మేకు వేసింది. పైపైన పడేసిందా, గడ్డి కింద సరిగ్గా పెట్టిందా అని నేను వేలు పెట్టి చూశాను.

పొదుగు తీరే రోజు ఆమే గుడ్లు పట్టుకుని వచ్చింది. మొహం వేలాడేసుకుంది. "ఉరుములకి అన్నీ మురిగిపోనాయక్కా. ఒకటి పిల్లి ఎత్తుకుపోనాది."

 ముందు చుక్కలు చూసుకున్నాను. అన్నీ నావే, ఒకటి మాత్రం తక్కువ. పొదుగు కోడి దగ్గరికి పిల్లి వెళ్తే ఊరంతా వినపడేలా అరుస్తుంది. గోడ పక్కనే ఉండే నాకు చిన్న కూత కూడా వినపడలేదు. పైగా అన్ని గుడ్లుండగా ఒకటి తిని మూతి తుడుచుకుని పోయే మర్యాదస్తురాలు పిల్లుల్లో ఉంటుందా? ఆ రోజు నుంచి నా చెవులు గోడకే. వంటింటి తలుపు వేసి ఉంచుతోంది, ఎందుకు? రోజూ నూకలు లోపలికి పట్టుకెళ్తోంది, వాళ్ళింట్లో కోడిపిల్లలు లేవు కదా, ఎవరికి? తమ్ముడు ఊరికే రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. నా పిల్ల ఘాటీ దాటేసిందనే అనుకున్నాను. రాత్రి అన్నం సహించేది కాదు. మా ఆయన "ఒక గుడ్డు కోసం మనుషుల్ని పోగొట్టుకుంటావేటి?" అని విసుక్కున్నాడు. అది ఒక గుడ్డా?

వానలు తగ్గాక ఒక ఉదయం పెండలం తీగ సరిచేస్తూ గోడ మీంచి చూశాను. ఆమె దొడ్లో కుర్ర పెట్ట ఒకటి తిరుగుతోంది. ఎర్రటి ఒళ్ళు, బొగ్గు రంగు కాళ్ళు. ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది. కుంటుతూ, గెంతుతూ పురుగుల్ని ఏరుకుంటోంది.

"ఒసే! అదెక్కడిదే?" అని కేకేశాను.

తడబడుతుందనుకున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవాలి కదా. ఆమె తడుముకోలేదు. "నీ గుడ్డులోదే అక్కా."

"పిల్లి ఎత్తుకుపోనాదన్నావు?"

"అబద్దమాడినాను. దాని కాలు సూడు. అప్పుడే సెప్పుంటే నువ్వేటి సేద్దువు?"

పెండలం తీగ వదిలేసి ఆ కాలు చూశాను.

"మెడ విరిసేద్దువు. నాను సూడనేదేటి? ఈ గోడ మీంచి ఎన్ని పిల్లల్ని సూసినాను!"

ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ గోడకి ఇవతల నేనొక్కదాన్నే కాపలా అనుకున్నాను. "జాతి మాది. ఇచ్చేయ్" అన్నాను.

"ఒకటే పుట్టింది. బేసిది నా పాలు."

పద్ధతి పద్ధతే. ఏమనగలను? ఆ కాలు రక్తంలోంచి వచ్చిందో, గుడ్డులో సరిగా తిరగక వచ్చిందో నాకు తెలీదు. అమ్మ ఉంటే ఉంచనిచ్చేది కాదు. కానీ ఆ కుంటిది తప్ప లోకంలో ఇంకో నల్లకాళ్ళ పెట్ట లేదు, మా ముసలి పుంజుకి రోజులు దగ్గర పడుతున్నాయి. నాలుగు రోజులు బింకంగా ఉన్నాను. ఐదో రోజు పుంజుని చంకలో పెట్టుకుని వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాను.

ఆమె పుంజుని తీసుకుంది. నన్ను లోపలికి రమ్మనలేదు. "పెట్ట గుడ్లెడతాది. పొదిగించి నీ పాలు నీకిస్తాను, సరేనా? అందాకా ఇటు రాకు" అంది.

వెళ్ళలేదు. గోడ మీంచి కూడా చూడలేదంటే ఎవరూ నమ్మరు, చూశాను. పిల్లలు దిగాయి. వాటికి రెక్క ఈకలు మొలిచాక ఒక సాయంత్రం ఆమె గంప పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. లోపల కియ్ కియ్ మంటున్నాయి. బొగ్గు రంగు కాళ్ళు కనపడగానే నాకు కళ్ళు చెమర్చాయి. చేతులు చాపాను.

"ఒట్టెయ్యి అక్కా. ఇకమీద నీ దొడ్లో వంకరది పుడితే నాకు తెచ్చిస్తానని, నీ సేత్తో ఏటీ సెయ్యనని."

అమ్మ మాట గుర్తొచ్చింది. అయినా ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

నేను గుడ్ల మీద చుక్కలు చూసుకున్నట్టే ఆమె నా మొహంలోకి చూసింది. గంప మాత్రం వదల్లేదు.