ఎలకల మందూ, మెత్తని మాటా

ఒకనాటి మధ్యాహ్నం ఏలూరులో మా ఇంటి వసారాలో నేనొక గూడబాతుకి వంగి దణ్ణం పెట్టాను. ముక్కు కింద సంచీ వేలాడేసుకుని కొల్లేట్లో చేపలు పట్టే పక్షే, అదే. చిక్కేమిటంటే అక్కడ నిలబడి ఉన్నది పక్షి కాదు, మా ప్రొఫెసరుగారు. నా ఉద్యోగం ఆవిడ చేతిలో ఉంది. ఇక నా పరువు ఎలా పోయిందో తీరిగ్గా చదువుకోండి.

ముప్పైల నాటి మాట. మద్రాసులో జంతుశాస్త్రం చదివి, పెళ్లయి ఏలూరు వచ్చాను. సారె కావిళ్లతో పాటు తెల్ల ఎలకల పంజరం కూడా దిగేసరికి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. మా వారికి మద్రాసు బదిలీ కాబోతోంది. అక్కడి కాలేజీలో డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం ఖాళీ. "ఉమ్మెత్త విషం ఎలక మెదడుని ఏం చేస్తుందో చేసి చూపించు, ఉద్యోగం నీదే" అన్నారు ప్రొఫెసరుగారు. ఉమ్మెత్తకి మా ఊళ్లో కొదవా? కాలవ గట్టంతా తెల్లగా పూసి, నన్నే పిలుస్తున్నట్టు ఊగేది.

వసారాలో పాత అట్టలతో చిక్కుదారి కట్టాను. దాని చివర బెల్లం ముక్క. ఉత్త పిండి ఉండ తిన్న ఎలక, తాడేపల్లిగూడెం వెళ్లే రైలులా తిన్నగా వెళ్లి బెల్లం అందుకునేది. ఉమ్మెత్త గింజ కలిపిన ఉండ తిన్నదానికి నిన్నటిదాకా తిరిగిన దారి కూడా గుర్తుండేది కాదు. ఓ మూల చతికిలబడి, బియ్యంలో రాళ్లేరే ముసలమ్మలా, ఉత్త గాలిలోంచి ముందుకాళ్లతో ఏదో ఏరుతూ ఉండేది. దానికేం కనిపిస్తోందో! తెలుసుకోవాలని మహా కుతూహలంగా ఉండేది నాకు. దేవుడు విన్నాడు.

ఉండలు రెండు బిస్కట్ల డబ్బాల్లో దాచాను. పొరపాటున ఎవరైనా తింటారేమోనని, "అందులో ఉన్నది విషం" అని మా అత్తగారికి చెప్పబోతుంటే మా వారు పక్కకి లాగారు.

"అమ్మ దగ్గర ఆ మాటనకు. మా ఇంట్లో దీపం ఆరిపోయిందని కూడా అనరు, కొండెక్కిందంటారు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. కాస్త మెత్తగా మాట్లాడ్డం నేర్చుకో."

పుట్టాక మొదటిసారి ఒకరి మాట విన్నాను. "అత్తయ్యగారూ, ఎర్ర డబ్బాలో మందు ఉన్న ఉండలండీ. పచ్చ డబ్బాలోవి ఉత్తవండీ" అన్నాను. ఆ అండీలకి నాకే ముచ్చటేసింది.

చదువరులారా, మందంటే మనకి ఎన్నో అర్థాలు. రోగం పోగొట్టేదీ మందే, ఎలకల్ని చంపేదీ మందే. మా అత్తగారు మంచి మనిషి కనక మొదటి అర్థమే తీసుకున్నారు.

నా ప్రయోగం చూడ్డానికి ప్రొఫెసరుగారు మద్రాసు నుంచి వచ్చి రైలు దిగే రోజు పొద్దున్నకి నాకు జలుబు చేసి గొంతు పూడుకుపోయింది.

"నోరు తెరువమ్మా" అంటూ అత్తగారు ఏదో నోట్లో పెట్టారు. అల్లం బెల్లం అనుకుని మింగేశాను.

"చేదుగా ఉందేంటండీ?"

"మందు చేదుగా కాక తియ్యగా ఉంటుందా?"

కాసేపటికి నోరు ఎండిపోయింది. వెలుతురు పాలలా చిక్కబడింది. పెళ్లయిన కొత్తలో కొల్లేటికోటకి పడవలో వెళ్లినప్పుడు చూసిన నీళ్లు, చప్పుడు లేకుండా మా గడప దాటి లోపలికి వచ్చాయి. తామరాకులు మంచం కోళ్లని ఒరుసుకుంటూ కదిలాయి. వసారా స్తంభాలు రెల్లు దుబ్బులై ఊగాయి. ఎంత హాయి! ఎవరితోనూ వాదించాలనిపించలేదు. దాన్నిబట్టే మీకు తెలియాలి నా మెదడు ఎంత దెబ్బతిందో.

అప్పుడు నీళ్లమీద తేలుతూ వచ్చింది గూడబాతు, తోలు సంచీ పట్టుకుని. దణ్ణం పెట్టాను.

"ఎలకలేవీ?" అంది గూడబాతు.

"నేనేనండీ" అని, ఆవిడ భుజం చుట్టూ ఎగురుతున్న చేపపిల్లల్ని ఒక్కొక్కటిగా ఏరడం మొదలుపెట్టాను.

"కోడలమ్మ ఏం తిందండీ?" అని ప్రొఫెసరుగారు గట్టిగా అడిగారట.

"జలుబుకి మందు పెట్టానండీ. ఎలకలకి పెట్టే మందే."

"అయ్యో, అది విషమండీ!"

అత్తగారు కెవ్వుమన్నారు. మా వారు డాక్టరు కోసం పరిగెత్తారు. ప్రొఫెసరుగారు మాత్రం నా కనుపాపలు చూసి, నాడి పట్టి, కాగితం తీసి రాసుకోసాగారు.

"ఏవండీ, పిల్ల అలా అయిపోతుంటే రాసుకుంటారేంటండీ!"

"డాక్టరుకి చెప్పాలి కదండీ."

డాక్టరొచ్చి ఉప్పునీళ్లు తాగించి కక్కించారు. ఎలకకి సరిపడే ఉండే తిన్నాను గనక బతికాను. మర్నాటికి తెలివొచ్చి చూస్తే, రైలు వదులుకుని ప్రొఫెసరుగారు మంచం పక్కనే కూచుని ఉన్నారు.

"ఎలకలు ఏం చేస్తాయో చూశాను. వాటికేం కనిపిస్తుందో అవి చెప్పలేవు, నువ్వు చెప్పగలవు. నేనెలా కనిపించాను?"

తలుపు దగ్గర నుంచి మా వారు 'మెత్తగా, మెత్తగా' అని చేత్తో సైగ చేస్తున్నారు. ఆ మెత్తదనం రుచి నా నాలుక మీద ఇంకా చేదుగానే ఉంది.

"గూడబాతులా కనిపించారండీ. గడ్డం కింద సంచీతో సహా."

అత్తగారు నా చెవిలో, "ఉద్యోగం కొండెక్కిందమ్మా!" అన్నారు.

ప్రొఫెసరుగారు గడ్డం కింద ఒకసారి తడుముకున్నారు. "కొండెక్కలేదండీ, రైలెక్కింది. చూసింది చూసినట్టు చెప్పే మనిషే నాకు కావాలి."

ఆ రోజే ఉమ్మెత్త పువ్వు ముట్టుకుని ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో మళ్లీ ఒక్క మాట కూడా మెత్తగా మాట్లాడనని. నా నోరు గయ్యిమంటుందని మీలో ఎవరైనా నొచ్చుకుంటే క్షమించండి. అది ప్రాణభయం.