క్లోరోఫామ్ ఆరని పెట్టె

దయ్యాలూ భూతాలూ అని ఎవరు మొదలుపెట్టినా మధ్యలోనే ఆపి నిలదీసే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఈ ఒక్క సంగతిలో ఎవరిని నిలదీయాలి? చూసింది నేనే.

తెలంగాణ రాకముందు మాట. సూర్యాపేటలో నాకు బోర్డుల షాపు ఉండేది. మా తమ్ముడు సతీశ్ కోదాడలో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేవాడు. సొంత అన్న బోర్డులు చేస్తుంటే, వాడి పెళ్లి బోర్డు కోదాడలో వేరేవాళ్లతో చేయించాడు. అది నేను మరచిపోలేదు.

ఏడాది తర్వాత, నేరేడుచర్ల పొలాల్లో దొరికిందని ఒక టారంటులాను డబ్బాలో పట్టుకొచ్చాడు. అరచేతంత సాలీడు, ఒళ్లంతా వెంట్రుకలు. పెంచుకోవడానికి అద్దంలా కనిపించే యాక్రిలిక్ ప్లాస్టిక్ పెట్టె చేసిమ్మన్నాడు.

"పెండ్లాం కన్నా దీన్నే మంచిగ సూసుకుంటున్నవ్ గదరా," అన్నాను.

"ఇది అలగదు అన్నా," అన్నాడు.

యాక్రిలిక్ ముక్కలను మేము క్లోరోఫామ్‌తో అతికిస్తాం. సిరంజితో అంచు వెంట వదిలితే క్షణాల్లో పట్టేస్తుంది. చూడటానికి ఆరినట్టే ఉంటుంది కానీ, వాసన పోవాలంటే మూత తీసి రెండు రోజులు గాలికి పెట్టాలి. ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు. సతీశ్ ఆ పూటే కావాలన్నాడు. ఆగమని చెప్పాల్సింది. పెళ్లి బోర్డు గుర్తొచ్చింది. నోరు మూసుకుని ఇచ్చేశాను.

మర్నాడు ఫోన్ చేశాడు. "కదుల్తలేదు అన్నా. నేనే ఏదో తప్పు చేసిన."

కాదని నేను అనలేదు.

సాలీడును వాళ్ల పెరట్లో పాతిపెట్టి, పెట్టె నాకు తిరిగిచ్చాడు. మూతకు నాలుగు స్క్రూలు బిగించి షాపులో పై అరలో పెట్టాను. గాలి కోసం వేసిన రంధ్రాల్లో అగ్గిపుల్ల కూడా కష్టంగా దూరుతుంది.

మూడు నెలల తర్వాత ఒక పొద్దున దుమ్ము తుడుస్తుంటే పెట్టెలో సాలీడు కనిపించింది. స్క్రూల మీద దుమ్ము చెదరలేదు. షాపు తాళం నా ఒక్కడి దగ్గరే ఉంటుంది. విప్పి చూస్తే అది సాలీడు కాదు, విడిచిన చర్మం. ఎనిమిది కాళ్లు, వెంట్రుకలు, అన్నీ ఉన్నాయి. లోపల ఏమీ లేదు.

సతీశ్‌ను పిలిపించాను. స్కేలు పెట్టి కొలిచాడు. పెరిగేటప్పుడే ఇవి చర్మం విడుస్తాయని, చచ్చినదాని కన్నా ఇది పెద్దదని చెప్పాడు.

"నువ్వు చేసిన పెట్టెల మంచిగనే పెరిగింది అన్నా."

ఎగతాళేమోనని వాడి ముఖం చూశాను. కాదు.

అప్పుడైనా క్లోరోఫామ్ మాట చెప్పాల్సింది. చెప్పలేదు. వాడు దాన్ని దూదిలో చుట్టుకుని కోదాడ బస్సెక్కాడు. మా అన్న చేసిన పెట్టెలో దొరికిందని ఇప్పటికీ కాలేజీ పిల్లలకు చూపిస్తాడట.

ఆ చర్మం విడిచింది ఏమిటో, విడిచి ఎటు పోయిందో నాకు ఈ రోజుకీ తెలియదు.