నోటినిండా నీళ్లు

నాది చేపలమ్మిన గొంతు. ఈ వీధిలో కేక వేస్తే పక్క వీధివాళ్లు గిన్నెలు పట్టుకుని బయటికొచ్చేవారు. మా ఆయన పోయాక నన్నూ, నా కూతుర్నీ బతికించింది ఆ గొంతే.

పిల్ల నెల్లిమర్లలో బరువులెత్తడం నేర్చుకునేది. మొదటి కోచ్‌కి తిట్టందే తెల్లారదు. రాడ్డు ఎత్తబోయే ముందు వీపు మీద ఒక్కటి చరిచి, "కూడు తింటన్నావా, గడ్డి తింటన్నావా?" అనేవాడు. ఆ కోపంతో పిల్ల ఎత్తేది కూడా. కానీ ఆ కోపం దాని వెంట ఇంటికీ వచ్చేది. కూరలో ఉప్పు తగ్గితే కంచం గోడకి తగిలేది. ఒకసారి పోటీలో బరువు జారిపోతే, వెళ్లి ఆ రాడ్డునే తన్నింది. బొటనవేలు వంకాయలా వాచింది. పోటీలోంచి పంపేశారు కూడా.

తర్వాత వచ్చిన కోచ్ గొంతు నాకు సరిగా వినపడేదే కాదు. పిల్లకి కోపం వస్తే, "పోయి రాడ్డు జారకండా సేతులకి సుద్దపొడి రాసుకో. తొందర్లేదు" అనేవాడంతే. అది రాసుకుని రాసుకుని, మోచేతుల దాకా తెల్లబడి తిరిగొచ్చేది. అప్పటికి కోపం ఉండేది కాదు. ఈయన బరువులు నేర్పుతున్నాడో, పిండిమర ఆడిస్తున్నాడో నాకు అర్థమయ్యేది కాదు.

జిల్లా జట్టుకి ఎంపిక రోజున నేనూ వెళ్లాను. మూడుసార్లే అవకాశం. ఒక్కసారైనా ఎత్తకపోతే జట్టులో చోటు లేదు. పిల్ల వంగగానే, "ఎత్తవే గుంటా, నడుం ఇరిగినాదేటి?" అని కేకేశాను. బరువు జారింది. రెండోసారీ కేకేశాను, రెండోసారీ జారింది. పిల్ల కాలు రాడ్డు వైపు కదిలింది.

కోచ్ దాన్ని సుద్దపొడి దగ్గరికి పంపి, నీళ్ల సీసాతో నా దగ్గరికొచ్చాడు.

"అప్పా, నోటినిండా పోసుకో. అది దించీదాక మింగకు, ఉమ్మకు."

"నాకేటి, దాహం లేదు."

"దాహానికి కాదప్పా. పాత మాస్టారు ఎలిపోనాడు గానీ, నీ గొంతులోనే ఉండిపోనాడు."

పోసుకున్నాను. పిల్ల రాడ్డు ముందుకొచ్చి, తిట్టు పడుతుందని భుజాలు బిగించి నా వైపు చూసింది. నా బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. దాని భుజాలు వదులయ్యాయి. నవ్వు ఆపుకుంటూ వంగి, ఎత్తి, చేతులు నిటారుగా నిలబెట్టింది. ఎత్తినట్టేనని తెల్ల దీపాలు వెలిగాయి. చోటు దొరికింది.

అది రాడ్డు దించగానే నా నోట్లో నీళ్లన్నీ పక్కనున్న కోచ్ చొక్కా మీద పడ్డాయి.

ఆయన నెమ్మదిగా నడిచి వెళ్లి, మోచేతుల దాకా సుద్దపొడి రాసుకున్నాడు.