కిటికీ అవతలి అవ్వ

పోయిన నెలలో ఒక పొద్దున, హిందూపురంలో మా మండీలో చింతపండు బస్తా విప్పించి చూస్తుండగా ఫోన్ మోగింది. ఎవరో కుర్రవాడు. చెస్ గురించి వీడియోలు చేస్తాడట. "సర్, ధర్మవరం అమ్మాయి మోసాన్ని మొట్టమొదట కనిపెట్టింది మీరేనంట కదా! ఆ పెనుకొండ సంగతి ఒకసారి మా ప్రేక్షకులకు చెప్పండి," అన్నాడు. చేతిలోని చింతపండు బస్తాలో పడేసి, ఫోన్ పట్టుకుని పక్కకు వచ్చాను. ఆ అమ్మాయి ఇప్పుడు ప్రపంచంలో మొదటి వరుస గ్రాండ్‌మాస్టర్ల ఎదురుగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరిని ఓడిస్తోంది. ఈమధ్య ఓడిపోయిన పెద్ద ఆటగాడొకడు చెయ్యి కలిపేటప్పుడు మొహం అదోలా పెట్టాడట. అంతే, ఇంత చిన్నపిల్ల ఇంత పెద్దవాళ్ళను ఎలా గెలుస్తుంది, ఎవరో ఎక్కడినుంచో ఎత్తులు అందిస్తున్నారు అని లోకమంతా గుసగుసలు మొదలయ్యాయి. ఆ గుసగుసకు పాత సాక్ష్యం కావలసివచ్చి, వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చారు. అందుకే ఇది రాస్తున్నాను.

అనుమానం మా వృత్తి. చింతపండు వ్యాపారంలో ఎవరినీ నమ్మకూడదని మా నాయన నేర్పించాడు. బస్తా పైన మంచి పండు, అడుగున గింజ. బరువు కోసం నీళ్ళు చల్లి తెచ్చేవాళ్ళు కొందరు. కాబట్టి వేలితో నొక్కి, వాసన చూసి, నాలుక మీద వేసుకుని, అప్పటికీ ఇంకా ఏదో ఉందనుకుంటూ ధర చెప్పాలి. మా అబ్బాయి చెస్ ఆడటం మొదలుపెట్టాక ఈ విద్యనంతా నేను టోర్నమెంట్లకు మోసుకుపోయాను. అక్కడ నాకు తోడు దొరికింది కూడా. చెస్ ఆడే పిల్లల తండ్రులంత అనుమానపు జాతి ఇంకొకటి లేదు. పిల్లలు లోపల ఆడుతుంటారు, మేం బయట క్యారియర్లు పట్టుకుని కిటికీ ఊచల్లోంచి తొంగిచూస్తుంటాం. ఎదుటివాడి కొడుకు రెండుసార్లు మూత్రానికి పోతే చాలు, ఒక తండ్రి వెనకాలే పోయేవాడు.

కొన్నేళ్ళ కిందట పెనుకొండలో ఒక కళ్యాణమంటపంలో ఆ పోటీ జరిగింది. జిల్లాలో తనకు ఎదురులేదనుకుంటున్న మా అబ్బాయి ముందు, వాడి భుజం దాకా కూడా రాని ఒక పిల్ల వచ్చి కూర్చుంది. కాళ్ళు నేలకు అందక కుర్చీ మీద మఠం వేసుకుంది. ధర్మవరం మగ్గాలవాళ్ళ పిల్ల. తోడుగా వాళ్ళ అవ్వ వచ్చింది. నాయనకు మగ్గం దిగే తీరిక ఉండదు కదా. అవ్వ కిటికీ అవతల, పిల్లకు కనపడేలా ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. గంట గడిచేసరికి మావాడి మొహం మాడిపోయింది.

నా పక్కన రొద్దం నుంచి వచ్చిన తండ్రి ఒకాయన మెల్లగా, "ఏమప్పా, ఇంత పిల్ల మనోళ్ళందర్నీ ఇట్ల నమిలి మింగుతాండాది, యాడన్నా ఉండాదా ఇది?" అన్నాడు. అప్పుడు చూశాను అవ్వ చేతుల్ని. ఒడిలో పెట్టుకున్న చేతుల్లో బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలుపుతోంది. ఆపుతోంది. పక్కకు జరిపి మళ్ళీ నలుపుతోంది. పిల్ల అప్పుడప్పుడు తల ఎత్తి అవ్వ వైపు చూస్తోంది, తర్వాత ఎత్తు వేస్తోంది. ఇంకేం కావాలి? కాసేపట్లో ఆ వేళ్ళ భాషకు నేనొక నిఘంటువే తయారుచేశాను. కుడిచెయ్యి నలిపితే గుర్రం, ఎడమచెయ్యయితే ఏనుగు. కుదరని చోట నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, సంకేతం మార్చినట్టున్నారని.

పోటీ నడిపించే సారు దగ్గరికి పోయి గట్టిగా, అందరికీ వినపడేట్టు చెప్పాను. ఆయన మెతకమనిషి. గొడవ ఎందుకని అవ్వను లేపి గేటు బయటికి పొమ్మన్నాడు. "నేనేం చేసినా నాయనా? ఆడ గుర్రమేదో గాడిదేదో గూడా నాకు తెలీదే!" అంది అవ్వ. తండ్రులందరూ నవ్వారు. నేనే ముందు నవ్వాను. గేటు అవతల ఎండలో నిలబడిన అవ్వ, లోపలికి చూస్తే మళ్ళీ తప్పవుతుందేమోనని రోడ్డు వైపు తిరిగి నిలబడింది. పిల్ల ఒకసారి ఖాళీ కుర్చీ వైపు చూసింది. తర్వాత తల ఎత్తకుండా ఆడి గెలిచింది. ఓడిపోతే దొరికిపోయింది అనేవాణ్ణి. గెలిచింది కాబట్టి, ఇంకెవరో కూడా ఉన్నారన్నాను. అనుమానానికి ఓటమి ఉండదు. ప్యాసింజర్ రైల్లో తిరిగి వస్తుంటే మావాడు, "నాయనా, ఏనుగును నేనే ఊరికే పోగొట్టుకొంటి," అన్నాడు. "నువ్వు నోరు మూసుకోరా," అన్నాను. ఆ తర్వాత ఏ ఊరి పోటీకి పోయినా ఆ పిల్లను 'సైగల పిల్ల' అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది కూడా నేనే.

మరుసటి ఏడాది మా చెల్లెలి కూతురి పెళ్ళి పట్టుచీరలకు ధర్మవరం పోయాం. చీరల అంగడాయన మగ్గం చూపిస్తానని ఒక ఇంట్లోకి తీసుకుపోయాడు. మగ్గం వెనక ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని, అయిపోయిన పడుగు దారాల కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్కటే అతుకుతున్నారు. వేళ్ళకు ఇంత బూడిద అద్దుకోవడం, బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలపడం, పక్క దారానికి జరగడం, మళ్ళీ నలపడం. వేల దారాలు. ఏమిటిది అని అడిగితే ఒకామె నవ్వి, "అలవాటయితే బస్సులో కూసున్నా యేళ్ళు ఊరుకోవన్నా. నిద్దట్లో గూడా ఆడతాంటాయంట, మా ఆయన చెప్తాడు," అంది. పెనుకొండ కిటికీ అవతల అవ్వ వేళ్ళు చేసింది ఈ పనే. ఆ మాట అప్పుడే నలుగురికి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మావాడు ఓడింది నిజమైన ఆటలోనే అని ఒప్పుకోవాలి కదా. మావాడు ఆట మానేశాక కూడా చెప్పలేదు. అప్పటికి అందరూ మరిచిపోయారులే అనుకున్నాను.

మరిచిపోలేదని ఫోన్ చేసిన కుర్రవాడి వల్ల తెలిసింది. ఇదంతా అతనికి వివరంగా చెప్పాను. "సర్, మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా? లేకపోతే ఏమైనా ముట్టజెప్పారా?" అన్నాడు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. అది నాదే. హిందూపురం వ్యాపారి ఎందుకు మాట మార్చాడు అంటూ మర్నాడు వీడియో వచ్చింది.

ఆ ఆదివారం ధర్మవరం పోయాను. ఆ అమ్మాయి నాయన "రాన్నా, కూచో, మంచి టైముకొచ్చినావు," అని లోపలికి పిలిచాడు. నేనెవరో అతనికి తెలియదు, అభిమానిననుకున్నాడు. టీవీలో ఆట మొదలవుతోంది. ఎక్కడో విదేశంలో, తల వంచుకుని కూర్చున్న ఆ అమ్మాయి. అంతలో అవ్వ మంచం మీదినుంచి లేచి పెరట్లోకి నడిచింది. "పాప ఆడేటప్పుడు మాయమ్మ ఈడ ఉండదన్నా," అన్నాడతను. "పెనుకొండలో ఎవడో ఏమో అన్న్యాడంట. అప్పట్నుంచి ఒక్క ఆట చూళ్ళేదు. టీవీలో నువ్వు దానికి కనపడవమ్మా అంటే ఇనదు."

పెరట్లోకి పోయి, ఆ ఎవడో నేనేనని చెప్పాను. అవ్వ కళ్ళు చికిలించి నన్ను చూసింది. "నువ్వా? ఆయప్ప శానా పొడుగు అనుకొంటాంటినే!" అంది. తిడితే బాగుండేది. "లోపలికి రావ్వా, చూద్దువు. ఇంక నిన్నెవరూ ఏమీ అనరు," అన్నాను. "వద్దులే సామీ. అది ఆడుకోనీ," అని గోడవైపు తిరిగి కూర్చుంది. నేనూ అక్కడే అరుగు మీద కూర్చున్నాను. ఎండ గోడ దిగిపోయాక ఇంట్లోంచి కేకలు వినపడ్డాయి. కొడుకు పరుగున వచ్చి, "అమా, అయిపోయె!" అన్నాడు. గెలిచిందా అని అవ్వ అడగలేదు. "ఎవురూ ఏమీ అన్లేదు గదా?" అని అడిగింది.

గెలిచిన ఆటలన్నీ ఇప్పుడు ఫోన్లో ఉన్నాయి, ఎప్పుడు కావాలన్నా మొదటి ఎత్తు నుంచి చూసుకోవచ్చు. అవి జరుగుతున్నప్పుడు ఒక ముసలామె మొహం తిప్పుకుని కూర్చున్న ఏళ్ళను మాత్రం మొదటినుంచి మళ్ళీ ఆడించే దారి నాకు తెలియడం లేదు.