సునీత వాళ్లింటి చుక్క

పొద్దుగాల మెదక్ బస్టాండు కాడ క్రిస్మస్‌కు ప్లాస్టిక్ చుక్కలు అమ్ముతుంటే చూసిన. చూడంగనే చిన్నప్పటి కుళ్లు యాదికొచ్చింది.

మా కాలం దోస్తులకు యాదికుంటది, వెదురు పుల్లలకు పతంగి కాగితం అంటిచ్చి, లోపట బల్బు పెట్టే చుక్క. గల్లీల మొదటి కలర్ టీవీ మాదే. అయినా డిసెంబర్ వస్తే అందరి కండ్లు పక్కింటి సునీత వాళ్ల చుక్క మీదనే.

"చుక్క ఎందుకు కడతరు?" అని వాళ్ల నాయనమ్మను అడిగిన.

"ఏసయ్య పుట్టిన్నాడు జ్ఞానులు చుక్కను చూసుకుంటనే ఆ ఇంటికి పోయిండ్రు బిడ్డా. గందుకే."

నేను గూడ ఒకటి చేసి మా వాకిట్ల కట్టిన. పొద్దు గూకంగనే, చుక్క ఉన్న ఇల్లిల్లు తిరిగే చర్చి పాటలోళ్లు డోలక్ పట్టుకొని, ఆ చుక్కను చూసి సక్కగ మా ఇంట్లకే వచ్చిండ్రు. మేము చర్చికి పోయేటోళ్లం కాదాయె, అమ్మ బిత్తరపోయింది. అయినా "రాండ్రి, కూసోండ్రి" అని చాప పరిచింది. వాళ్లు మూడు పాటలు పాడి, మా కోసం ప్రార్థన చేసి, చాయ్ తాగి పోయిండ్రు.

పండుగ దాక సునీత నాతోని మాట్లాడలే. పండుగనాడు కేకు ఇయ్యనీకి వచ్చి, మూతి ముడుచుకొని అన్నది, "మా ఇంట్ల ఒక్క పాటనే పాడిండ్రు."

గంత తియ్యటి కేకు నేను మల్ల ఎన్నడు తినలే.