కోర్టు గేటు దగ్గర గుండీల పెద్దమ్మ

మా పెద్దమ్మకు ఒకే ఒక్క జబ్బు. కోర్టు గేటు దాటి లోపలికి వెళ్ళే ఏ మనిషినీ గుండీ కుట్టకుండా వదలదు.

జబ్బు అని ఊరికే అనడం లేదు. బీపీకి మాత్రలున్నాయి, కీళ్ళనొప్పులకు తైలాలున్నాయి. దీనికి మందు లేదు. కోర్టు ప్రహరీ గోడకు ఆనుకుని, గేటుకు ఎడమ పక్కన, రేకు పందిరి కింద ఆవిడ కుట్టుమిషన్ ఉంటుంది. గోడకు అవతల నేను టైపు కొట్టే గది. పల్లెటూరి బడిలో చదువుకుని వచ్చిన నాకు ఆ ఉద్యోగం దొరికిన రోజు నుంచీ ఆవిడ ఇంట్లోనే ఉన్నాను, ఆవిడ చేతి అన్నమే తిన్నాను. పొద్దున్నే దేవుడికి పెట్టే దణ్ణంలో ఆవిడకు కూడా వాటా ఉంది. కాబట్టి ఆవిణ్ణి చూసి నేను నవ్వినా అది ఇంటి నవ్వే.

రోజూ కిటికీలోంచి ఒకే సంభాషణ వినిపించేది.

"నాయనా, కాస్త ఆగు."

"ఏంటమ్మా?"

"గుండీ ఊడింది."

ఆ మనిషి కిందికి చూసుకుంటాడు. నిజమే, ఉండదు. "ఇంట్లో బయల్దేరినప్పుడు ఉందే."

"ఇంట్లో ఉన్నవన్నీ కోర్టు దాకా వస్తాయా? నిలబడు. చొక్కా విప్పక్కర్లేదు. కదిలావంటే సూది గుచ్చుకుంటుంది, తర్వాత నన్ననకు."

ఆవిడ దగ్గర ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. దాని నిండా గుండీలు. ఎడమచేయి అందులో పెట్టి గలగలలాడించి ఒక గుండీ పైకి తీసేది. విచిత్రం ఏమిటంటే, ఆ గుండీ చొక్కాకున్న మిగతా గుండీలకు అచ్చు తోబుట్టువులా ఉండేది. రంగు, సైజు, రంధ్రాలు, అన్నీ అవే.

పెద్ద ప్లీడరుగారికి ఒకసారి ఇది మింగుడు పడలేదు. "పెద్దమ్మా, ఈ కోటు నా పెళ్ళికి కుట్టించింది. ముప్ఫై ఏళ్ళ కిందటి గుండీ. ఇప్పుడు ఏ షాపులోనూ లేదు. నీ డబ్బాలో ఎలా ఉంది?"

"మన డబ్బాలో లేని గుండీ ఉండదు బాబూ."

"అసలు కారులో వచ్చాను. అద్దాలు ఎత్తి ఉన్నాయి. గాలి కూడా తగల్లేదు. ఎలా ఊడుతుందమ్మా?"

"లోపల వాదించాల్సిన మాటలన్నీ నా దగ్గరే వాదించేస్తే అక్కడేం మిగుల్తుంది? నిలబడు."

ఇంకొకరైతే నిమిషంలో కుట్టేసే గుండీకి ఈవిడకు ఐదు నిమిషాలు పట్టేది. దారం పళ్ళ మధ్య పెట్టుకుని కబుర్లు అడిగేది. పొద్దున ఏం తిన్నావు, పిల్లలెంతమంది, పెద్దది ఏం చదువుతోంది, మీ ఆవిడ నడుం నొప్పి తగ్గిందా.

ఒకరోజు ఓ కుర్ర కానిస్టేబులు ఒక దొంగను సంకెళ్ళతో తీసుకొచ్చాడు. పెద్దమ్మ దొంగకు కుట్టింది. అయ్యాక కానిస్టేబులు వైపు తిరిగింది.

"నువ్వు కూడా రా."

"నాకెందుకమ్మా? ముద్దాయి వాడు."

"గుండీ లేని పోలీసు చెప్పేది ఎవరు నమ్ముతారు? మొదటిసారా సాక్ష్యం?"

"అవును," అన్నాడు వాడు, లాఠీ చేయి మార్చుకుంటూ. డబ్బాలోంచి పోలీసు యూనిఫారం ఇత్తడి గుండీ కూడా వచ్చింది. ఆ రోజు కానిస్టేబులు తడబడకుండా చెప్పాడు. దొంగ ఇంకా హాయిగా చెప్పాడు. "నేనే తీశానండి, పొరపాటైంది," అనేశాడు. ఆరు పేజీల వాదన రాసుకొచ్చిన వాడి ప్లీడరు మంచినీళ్ళు అడిగి తెప్పించుకున్నాడు.

భోజనాల దగ్గర నేను ఆవిణ్ణి ఆటపట్టించేవాణ్ణి. రోజంతా తీర్పులు టైపు కొట్టేవాణ్ణి కదా, చట్టం నాకే తెలుసని చిన్న గర్వం.

"చట్టం గుండీలు లెక్క చూడదు పెద్దమ్మా."

"చట్టం చూడదు. చట్టం చదివిన మనిషి చూస్తాడు. దేవుడైతే లోపలికే చూస్తాడు, చొక్కా ఎలా ఉంటే ఆయనకేం? జడ్జిగారికి ముందు కనపడేది ముఖం, తర్వాత చొక్కా. ఆ రెండూ దాటాకే మాట వినపడుతుంది. కూర ఇంకొంచెం వేసుకో."

నేను కూర వేసుకున్నాను గాని మాట చెవిన వేసుకోలేదు, మా బావ కేసు వచ్చేదాకా.

మా అక్క మొగుడు ఒక మిల్లులో వాచ్‌మన్. వేలెత్తి చూపడానికి లేని మనిషి. ఒక్కటే లోపం: భయం వేస్తే నవ్వొస్తుంది. బళ్ళో మేష్టారు బెత్తం ఎత్తితే నవ్వేవాడు, ఇంకో రెండు తినేవాడు. మా అక్కను చూసుకోవడానికి వచ్చినరోజు మా నాన్న ఎదురుగా కూర్చుని అరగంట నవ్వాడు. "కుర్రాడు సరదా మనిషి," అన్నారు మావాళ్ళు. పాపం, అప్పటికి అతని ప్రాణం అరచేతిలో ఉంది.

మిల్లులో నీళ్ళ మోటారు మాయమైంది. మిల్లు ఇద్దరు అన్నదమ్ములది. పెద్దాయన చెప్తేనే మోటారును మరమ్మతు షాపులో ఇచ్చానంటాడు బావ. ఆ పెద్దాయన వారం తిరక్కుండా పక్షవాతంతో మంచాన పడి మాట పోగొట్టుకున్నాడు. ఆ షాపు వీధిలోంచి ఎత్తేసి ఎక్కడికో పోయింది. చిన్నాయన దొంగతనం కేసు పెట్టాడు. శిక్ష పడితే బావ జైలుకు, మిల్లులో వాళ్ళుంటున్న గది మిల్లుకు. అక్కకు అప్పుడు ఎనిమిదో నెల.

మొదటి వాయిదాకు పెద్దమ్మ ఊళ్ళో లేదు. మా బంధువు కేసని నన్ను టైపు నుంచి తప్పించారు, వెనక బల్ల మీద కూర్చున్నాను. బోనులో చిన్నాయన, "అయ్యా, కన్నబిడ్డలా చూసుకున్నాను వీణ్ణి," అని కళ్ళొత్తుకుంటూ చెప్తున్నాడు. ఇవతల మా బావ ముఖం మీద నవ్వు మొలిచింది.

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఏం, నవ్వొస్తోందా?"

బావకు ఇంకా భయం వేసింది. పళ్ళు కనిపించాయి.

జడ్జిగారు కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఆ కలం కదిలిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

బయటికొచ్చాక బావ ప్లీడరు నన్ను పక్కకు పిలిచాడు. "ఏమీ అనుకోకండి. మీ బావ నాతో మాట్లాడేటప్పుడు కూడా నవ్వుతున్నాడు. ఆ షాపు వెతుకుదామని మొదట అనుకున్నాను. ఆ నవ్వు చూశాక, లేని షాపును ఎక్కడని వెతకను అనిపించింది."

రెండో వాయిదాకు జడ్జిగారు అడిగేవాటికి బావే జవాబు చెప్పుకోవాలి. అక్క అతని చొక్కా గుండీలన్నీ ముందురోజే రెండు పేటల దారంతో బిగించింది, పెద్దమ్మకు పని లేకుండా. ముగ్గురం గేటు దగ్గరికి వచ్చాం. బావ అప్పటికే నవ్వుతున్నాడు.

"అల్లుడూ, ఆగు," అంది పెద్దమ్మ, అతని చొక్కా సర్దుతూ. "గుండీ ఊడింది."

"ఊడదు. నేనే కుట్టాను," అంది అక్క.

చూస్తే లేదు. గుండె దగ్గరి గుండీ. ఆ రోజు నేను కిటికీ అవతల లేను, మూరెడు దూరంలో ఉన్నాను. పెద్దమ్మ ఎడమచేతి వేళ్ళ మధ్య వేలెడంత కత్తెర తళుక్కుమనడం, గుండీ ఆవిడ అరచేతిలోకి జారడం నా కళ్ళారా చూశాను. అదే చేత్తో డబ్బాలో గలగలలాడించింది. అదే గుండీ పైకి తీసింది.

పదకొండేళ్ళుగా ఎవరూ కనిపెట్టలేదు. ప్లీడర్లు, పోలీసులు, నేను.

నేను నోరు తెరిచాను. ఆవిడ దారం పళ్ళ మధ్య పెట్టుకుని నా వైపు ఒక్క చూపు చూసింది. మూసేశాను.

"ఆడపిల్ల కావాలా, మగపిల్లాడా?" అని అడిగింది బావను.

"ఏదైనా పర్లేదు అత్తయ్యా."

"పేరు అనుకున్నారా?"

"మీ అమ్మాయి అనుకుంది. నాకు చెప్పడం లేదు."

"చెప్తే నువ్వు నవ్వుతావని భయం," అంది అక్క.

సూది ఒక్కో పోటు నింపాదిగా వెళ్ళివస్తోంది. బావ భుజాలు కిందికి దిగాయి, ఊపిరి మెల్లగా ఆడింది. నవ్వు దానంతటదే జారిపోయి, అడుగున ఉన్న మామూలు ముఖం బయటపడింది. అలసిన, మంచి ముఖం. ఇంతలో బంట్రోతు గేటు దాకా పరిగెత్తుకొచ్చాడు.

"పెద్దమ్మా, రెండు పిలుపులయ్యాయి. మూడోది పిలిస్తే వారంటే."

ఆవిడ దారం తెంపింది. "అల్లుడూ, ఇది సగమే పట్టింది. చేత్తో పట్టుకో. కిందపడిందంటే నీ గుమ్మం తొక్కను."

బావకు జడ్జిగారంటే భయమే, పెద్దమ్మంటే ఇంకా భయం. కుడిచేయి గుండె మీద అదిమిపెట్టి బోనెక్కాడు.

"మోటారు నువ్వు తీశావా?"

"నేనే తీసి షాపులో ఇచ్చానండి. పెద్దయ్యగారు ఇమ్మన్నారు." ధ్యాసంతా గుండీ మీద ఉంది, నవ్వడానికి తీరిక లేదు.

జడ్జిగారు కలం కింద పెట్టారు. చాలాసేపు అతన్నే చూశారు. "షాపు ఎలా ఉంటుంది?"

"పచ్చ బోర్డండి. గుమ్మానికి పాత ఫ్యాన్లు వేలాడుతుంటాయి. ఆయనకు ఎడమచేతి బొటనవేలు లేదు."

"ఇన్ని గుర్తులు చెప్తుంటే ఇన్నాళ్ళూ ఎవరూ వెతకలేదా?" అన్నారు జడ్జిగారు. బావ ప్లీడరు తన బూట్లు చూసుకున్నాడు.

రెండు వారాలకు షాపు దొరికింది, నాలుగు వీధుల అవతల. మోటారు దుమ్ముకొట్టుకుని మూల ఉంది, దానికి కట్టిన చీటీ మీద పెద్దాయన చేతిరాత. కేసు కొట్టేశారు. చిన్నాయన తల వంచుకుని వచ్చి బావ చేతులు పట్టుకున్నాడు. బావ నవ్వాడు. ఈసారి ఎవరూ తప్పుగా అనుకోలేదు.

ఆ సాయంత్రం అడిగాను. "ఎన్నేళ్ళ నుంచి పెద్దమ్మా?"

"ఏంటి?"

"కత్తెర."

ఆవిడ మిషన్‌కు నూనె వేస్తూ చెప్పింది. "భయపడ్డవాడి ముఖమూ తప్పు చేసినవాడి ముఖమూ దూరం నుంచి ఒక్కలాగే ఉంటాయిరా. భయపడకు అంటే పోతుందా? కాసేపు నిలబడి ఊపిరి పీల్చుకో అంటే నా మాట ఎవరు వింటారు? గుండీ అంటే నిలబడతారు."

"మరి నిజంగా తప్పు చేసినవాళ్ళకు కూడా కుడుతున్నావు కదా."

"స్థిమితపడితే వాళ్ళలో కొందరు ఒప్పేసుకుంటారు. చూశావుగా." మిషన్ చక్రం తిప్పి చూస్తూ అంది: "మీ పెదనాన్న ఒకసారి చెమటలు కక్కుకుంటూ లోపలికెళ్ళారు. ఆయన చెప్పింది నిజమే. కోర్టు వినలేదు. సరే, ఆ నూనె డబ్బా మూత ఎక్కడ పెట్టానో చూడు."

మూడేళ్ళకు ఆ జడ్జిగారు పదవీ విరమణ చేశారు. మీటింగ్ హాల్లో సన్మానం. జీవితమంతా ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వినడమే గాని తన గురించి నలుగురిలో నిలబడి ఆయన ఎన్నడూ మాట్లాడలేదట. గేటు దగ్గర ఇటూ అటూ తిరుగుతున్నారు, చేతిలో కాగితం రెపరెపలాడుతోంది. గాలి లేదు.

"అయ్యా, కాస్త ఆగండి," అంది పెద్దమ్మ, కాలరు సర్దుతూ. "గుండీ ఊడింది."

ప్లీడర్లు బిగుసుకుపోయారు. బంట్రోతు కళ్ళు మూసుకున్నాడు. జడ్జిగారు తన చొక్కా చూసుకున్నారు. ఆవిడ మూసిన ఎడమ పిడికిలి చూశారు.

"వెతకండమ్మా," అన్నారు మెల్లగా. "డబ్బాలో దొరుకుతుందేమో."

దొరికింది. మనవలెంతమంది అని ఆవిడ అడిగింది, ముగ్గురని ఆయన చెప్పారు. సూది కదులుతుండగా ఆయనే అన్నారు: "ఒక వాచ్‌మన్ ఇలాగే గుండె మీద చేయి పెట్టుకుని బోనులో నిలబడ్డాడు. ఎంత నిజాయితీ అనుకున్నాను. దిగేటప్పుడు చూస్తే వేళ్ళ మధ్య నుంచి దారం వేలాడుతోంది. అంతకుముందు నవ్వు చూసి అనుకున్నదీ తప్పే, ఆ చేయి చూసి అనుకున్నదీ తప్పే. ఆ రోజు నుంచి ముఖాలు చూడ్డం తగ్గించి, వాకబు చేయించడం ఎక్కువ చేశాను."

పెద్దమ్మ ఆఖరి ముడి వేసింది. దారం తెంపింది.

"గట్టిగా కుట్టారా, చేత్తో పట్టుకోవాలా?" అని అడిగారాయన.

ఆవిడ ఆలోచించింది. "పట్టుకోండి. కాగితం బల్ల మీద పెట్టేయండి. చేతులు వణకవు."

ఆయన చేయి గుండె మీద పెట్టుకుని పావుగంట మాట్లాడారు. సభంతా ఆయన మనసు ఎంత కదిలిపోయిందో అనుకుంది. వెనక బల్ల మీద నేను, మూడేళ్ళ కూతుర్ని ఒళ్ళో పెట్టుకున్న మా బావ మాత్రం నవ్వు దాచుకుంటూ తలలు పైకెత్తలేకపోయాం.

చివర్లో స్టాఫ్ తరఫున కృతజ్ఞతలు చెప్పాల్సింది నేను. పేరు పిలిచారు. కాళ్ళల్లో వణుకు మొదలైంది, నాలుక ఆరిపోయింది. లేచి చొక్కా సర్దుకోబోయాను.

రెండో గుండీ లేదు.

నా పక్కనే బల్ల మీద పెద్దమ్మ, బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా వెతుకుతోంది.