'కానీ' దగ్గర ఆగిన పాఠం

సింహాచలం మాస్టారు ఇక లేరన్న కబురు ఆదివారం పొద్దున మా క్లాసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ముందురోజు మాకు పాఠం చెప్పిన మనిషి. ఆ రెండు వాక్యాలు ఎంతసేపు చూసినా నాకు అర్థం కాలేదు.

శృంగవరపుకోటలో మా డిగ్రీ కాలేజీకి ఆయన కంప్యూటర్ అధ్యాపకులు. ఒకే ప్రాసెసర్ మీద అనేక ప్రోగ్రాములు ఎలా నడుస్తాయో చెప్పడానికి ఆయనకు ఒక సుద్దముక్క చాలు. సుద్ద ప్రాసెసర్, మేం ప్రోగ్రాములం. అది ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలి, తమంతట తామే పక్కవారికి ఇవ్వాలి. కోఆపరేటివ్ పద్ధతి అంటే అదే. మా క్లాసు రమణ చేతికి వెళ్లిన సుద్ద ఇక కదల్లేదు. వాడు క్రికెట్ కథ అందుకున్నాడు.

"ఒరే, ఆ సుద్ద ఒగ్గవేటిరా? మీ మావ రాసిచ్చినాడా?" అని వెనక బెంచీ నుంచి గౌరి అరిచింది.

మాస్టారు పగలబడి నవ్వారు. "ఆడి తప్పేటి లేదర్రా. అందరూ మంచోళ్లయితే ఇంత సులువైన పద్ధతి లేదు. ఒక్కడు ఒగ్గకపోతే మెషినంతా బిగుసుకుపోతాది."

తర్వాత ఆయనే బల్ల చరిచి, మాట మధ్యలోనే సుద్ద లాక్కోవడం మొదలుపెట్టారు. ఎవరు ఎక్కడ ఆగారో గుర్తుంచుకుని, మళ్లీ వంతు రాగానే అక్కడి నుంచే చెప్పించారు. అది ప్రీయెంప్టివ్ పద్ధతి. అలా సుద్ద నాదాకా వచ్చింది. నేను తల వంచుకుని దాన్ని పక్కమ్మాయికి ఇచ్చేయబోయాను.

"నోరులేనోళ్లకి కూడా వంతు రావాలనే తల్లీ, మెషిను లోపల గడియారం పెట్టినారు," అన్నారు మెల్లగా. "ఒక్క మాట సెప్పు, సాలు."

ఆ తర్వాత రోజూ క్లాసులోకి వస్తూనే నావైపు చూసేవారు. "ఎక్కడాపినాను తల్లీ?" నేను లేచి, ఆయన వదిలిన చివరి మాట చెప్పాలి. కాలేజీలో నేను గట్టిగా పలికే మాట అదొక్కటే. మరచిపోయి అడగడం లేదని నాకు తెలుసు.

ఆ శనివారం రెండు పద్ధతులనూ పోల్చారు. "లాక్కోడంలో న్యాయముంది. ఆపినసోటు ప్రతిసారీ దాసుకోవాలి, ఆ శ్రమా ఉన్నాది. అయినా ఇప్పుడు మన కంప్యూటర్లు ఇలాగే నడస్తన్నాయి. కానీ..."

బెల్లు కొట్టింది. సుద్ద బల్ల మీద పెట్టి, నవ్వుతూ వెళ్లిపోయారు.

కొత్త సార్ వచ్చిన రోజు అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాను.

"ఏమ్మా, ఏం కావాలి?" అన్నారాయన.

ఏమీ లేదని తలూపి కూర్చున్నాను. ఆయన తర్వాతి అధ్యాయం తీశారు.

మీరు వదిలివెళ్లిన ఆ వాక్యం మిగతా సగం ఏ పుస్తకంలోనూ దొరకదు. మీ పాదాలకు నమస్కరించి, నాకు తెలిసిన ఒక్క మాటే చెప్పగలను.

'కానీ' దగ్గర ఆపారు మాస్టారూ.